టెక్ సందేహాలు: జవాబులు చెప్పి పేరు తెచ్చుకోవడం ఎలా?

ప్రశ్న: కావలిలో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ప్రోగ్రామింగ్ సందేహాలకు ఒకరికొకరు జవాబులు చెప్పుకునే స్టాక్ ఓవర్‌ఫ్లో సైట్‌లో మంచి స్కోరు ఉంటే ఇంటర్వ్యూల్లో పనికొస్తుందని సీనియర్లు చెబితే సెలవుల్లో చేరాను. చాట్‌జీపీటీని అడిగి రోజుకు పది జవాబులు పెట్టాను. నాలుగు రోజుల్లో చాలావరకు తీసేశారు, మైనస్ ఓట్లు కూడా పడ్డాయి. అకౌంట్ పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ పని ఆపేయండి. ఏఐ రాసిన జవాబులను స్టాక్ ఓవర్‌ఫ్లో 2022 డిసెంబరులోనే నిషేధించింది. పైకి నున్నగా కనిపిస్తూ లోపల తప్పులున్న జవాబులు కుప్పలుగా వచ్చిపడుతుంటే, వాటిని సరిచూడడం అక్కడి వలంటీర్ల వల్ల కాలేదు. వాళ్లు జీతం లేకుండా ఆ పని చేస్తున్నారు, అందుకని వాళ్ల మీద కోపం పెట్టుకోకండి. ఇంకా మిగిలిన జవాబులుంటే మీరే డిలీట్ చేయండి. కొత్త అకౌంట్ తెరవకుండా అదే అకౌంట్‌తో నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టండి.

పాయింట్ల లెక్క చాలా తేలిక. మీ జవాబుకు ఒక ఓటు పడితే 10 పాయింట్లు వస్తాయి. దానితోనే సమస్య తీరిందని అడిగినవాళ్లు టిక్ పెడితే 15. మైనస్ ఓటు పడితే 2 పోతాయి. ఓట్ల వల్ల వచ్చేవి రోజుకు 200 దాటవు. సైట్ మొదలైన 2008 నుంచి సీ షార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష మీద రాస్తూ వచ్చిన జాన్ స్కీట్‌కే 10 లక్షల పాయింట్లు దాటడానికి 2018 దాకా పట్టింది. రోజుకు పది జవాబుల తొందర ఇక్కడ పనిచేయదు.

నా అనుభవం చెబుతాను. నాకు మొదటి టిక్ తెచ్చిన జవాబు పెద్ద అల్గారిథమ్ గురించి కాదు. పైథాన్ భాషతో తయారుచేసిన సీఎస్‌వీ (కామాలతో వేరుచేసిన పట్టిక) ఫైల్‌ను ఎక్సెల్‌లో తెరిస్తే అక్షరాలన్నీ పిచ్చిగీతల్లా కనిపిస్తున్నాయని ఒకరు అడిగారు. అంతకు వారం ముందే నా ఫైల్లోని తెలుగు పేర్లకు అదే గతి పట్టింది, ఒక రాత్రంతా కూర్చుని కారణం పట్టుకున్నాను. ఫైల్ మొదట్లో ఉండాల్సిన చిన్న గుర్తు లేకపోతే అది అన్ని భాషల అక్షరాలనూ దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఉందని ఎక్సెల్ గ్రహించకపోవచ్చు. ఎన్‌కోడింగ్ (అక్షరాలు దాచే పద్ధతి) దగ్గర 'యూటీఎఫ్-8-సిగ్' అని ఇస్తే పైథాన్ ఆ గుర్తును తానే రాస్తుంది. అడిగినవారి కోడ్‌ను నా కంప్యూటర్లో నడిపి, అదే తప్పు వచ్చాకే ఆ ఒక్క మార్పు చెప్పాను. ఎందుకు పనిచేస్తుందో రెండు వాక్యాలు రాశాను. అవతలివాళ్లు పెట్టిన 'థ్యాంక్యూ' చూసి ఆ రోజంతా గాల్లో తేలినట్టుంది.

మీరూ అలాగే చేయండి. మీ చేయి కాలిన చోటే మీ జవాబుకు బలం ఉంటుంది. తెలుగు ఫాంట్లు, పీడీఎఫ్‌లో విరిగిపోయే ఒత్తులు, తెలుగు పదాల సార్టింగ్ లాంటి చిక్కులు మనకు రోజూ ఎదురవుతాయి. వేరే దేశంలో కూర్చున్న నిపుణుడికి ఒత్తు సరిగా పడిందో లేదో చూసి చెప్పడం కష్టం, మీకు చిటికెలో పని. జవాబు రాసే ముందు ఆ కోడ్‌ను ఒకసారి నడపండి. ఈ ఒక్క అలవాటు ఉంటే మీకు మైనస్ ఓట్లు బాగా తగ్గుతాయి.

పాత ప్రశ్నల్నీ వదలొద్దు. నెల్లూరు చేపల పులుసు మర్నాటికే రుచి తేలుతుందని మీకు చెప్పనక్కర్లేదు. అడిగి 60 రోజులు దాటిన ప్రశ్నకు మీరిచ్చిన జవాబుకు 5 ఓట్ల స్కోరు వస్తే 'నెక్రోమాన్సర్' అనే బ్యాడ్జ్ ఇస్తారు. మీరు కష్టపడి విప్పిన చిక్కును మీరే ప్రశ్నగా పెట్టి మీరే జవాబు రాయొచ్చు, అది నియమాలకు విరుద్ధం కాదు.

ఇంటర్వ్యూ సంగతంటారా, రెజ్యూమెలో స్కోరు అంకె కంటే మీకు గర్వంగా అనిపించే రెండు మూడు జవాబుల లింకులు పెట్టండి. వాటి గురించి ఎంత లోతుగా అడిగినా చెప్పగలిగేలా ఉండాలి.

ప్రశ్న: చీమకుర్తిలో ఒక గ్రానైట్ యూనిట్‌లో అకౌంట్స్ చూస్తాను. ఎక్సెల్ ఫార్ములాలు, మాక్రోల మీద ఆన్‌లైన్‌లో చాలామందికి సాయం చేస్తుంటాను. డబ్బు కట్టి కోర్సు చేస్తే మైక్రోసాఫ్ట్ ఎంవీపీ (మోస్ట్ వాల్యుబుల్ ప్రొఫెషనల్) గుర్తింపు వస్తుందని ఒకరు చెప్పారు. నిజమేనా?

జవాబు: కాదు, రూపాయి కూడా కట్టకండి. ఎంవీపీ కోర్సూ కాదు, ఉద్యోగమూ కాదు. నలుగురికీ నేర్పే నిపుణులకు మైక్రోసాఫ్ట్ 1993 నుంచి ఇస్తున్న గౌరవం అది. ఒకసారి ఇస్తే ఏడాది పాటు ఉంటుంది, తర్వాత మళ్లీ పరిశీలిస్తారు. ఇప్పటికే ఎంవీపీ అయినవారో, మైక్రోసాఫ్ట్ ఉద్యోగో మీ పేరు ప్రతిపాదించాలి. ఎక్సెల్‌లో సాయం చేసేవాళ్లకూ ఇది దక్కుతుంది. మీరిచ్చిన జవాబుల లింకులన్నీ తేదీలతో ఒక షీట్‌లో దాచిపెట్టుకుంటూ రండి, అడిగినరోజు వెతుక్కునే పని ఉండదు.

ప్రశ్న: ఒంగోలులో ఉంటాను. పిల్లల కోసం ఉద్యోగం మానేసి ఆరేళ్లయింది. మళ్లీ కోడింగ్ మొదలుపెట్టాను. ఇంగ్లిష్‌లో జవాబులు రాయాలంటే భయం.

జవాబు: అమ్మా, మీ ఇంగ్లిష్‌కు అక్కడ ఎవరూ మార్కులు వేయరు. చిన్న వాక్యాలు, పనిచేసే కోడ్ ఉంటే చాలు. ముందు, నలుగురూ కలిసి కోడ్ రాసుకునే గిట్‌హబ్ సైట్‌లో 'గుడ్ ఫస్ట్ ఇష్యూ' అని గుర్తు పెట్టిన పనులు వెతకండి, అవి కొత్తవాళ్ల కోసమే పక్కన పెట్టినవి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మీకు అర్థంకాని ఒక వాక్యాన్ని సరిచేసి పంపినా మీ పేరు ఆ ప్రాజెక్టు చరిత్రలో నిలిచిపోతుంది. ఆ మొదటి మార్పును వాళ్లు తీసుకున్న రోజు నాకు తప్పకుండా ఉత్తరం రాయండి.