బొమ్మ బాగుంది, ఇప్పుడు ఆ పాత్రని వెనక నుంచి వెయ్యమనండి

గాజువాక నుంచి ఒక అమ్మ రాశారు. వాళ్ళ పాప ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్‌లో బొమ్మలు వేస్తుందట, సముద్రాన్ని కాపాడే ఒక అమ్మాయి పాత్రని తయారుచేసింది, దాంతో డిజిటల్ కామిక్ మొదలుపెడతానంటోంది, ఇంజనీరింగ్‌కి మాత్రం వెళ్ళనంటోంది. ద్వారకానగర్‌లో ఒక యానిమేషన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు మూడు లక్షల ఫీజు, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అన్నారట, ఈ వారంలో అడ్వాన్స్ కడితే తగ్గిస్తారట. "దీంట్లో బతుకుతెరువు ఉందా, లేక పిల్ల సరదాకి మేం లక్షలు పోస్తున్నామా" అని అడుగుతూ పాప వేసిన బొమ్మ కూడా పంపారు.

అమ్మా, ఆ బొమ్మ చాలాసేపు చూశాను. గవ్వల కవచం, నడుముకి ఏడు వరసల ముత్యాల గొలుసు, మోకాళ్ళ దాకా జుట్టు, వెనక రెక్కలు, చేతిలో రాళ్ళు పొదిగిన ఈటె. చేతుల మీద చేప పొలుసుల పచ్చబొట్టు ఉంది చూశారా, ఒక్కో పొలుసూ విడిగా గీసి ప్రతిదానికీ ఒక అంచున సన్నగా వెలుగు పెట్టింది. పాపకి చెయ్యి తిరిగింది, ఓపిక కూడా ఉంది, ఇందులో నాకు అనుమానం లేదు. కానీ ఈ ఒక్క బొమ్మ చూసి ఇందులో కెరీర్ ఉందనీ చెప్పలేను, లేదనీ చెప్పలేను, ఎందుకంటే ఇది ఇంకా కామిక్ పాత్ర అవ్వలేదు.

ఎందుకంటున్నానో చెప్తాను. ఫోన్‌లో పైనుంచి కిందికి జరుపుతూ చదివే కామిక్‌లో ఒక ఎపిసోడ్‌కి నలభై, యాభై ఫ్రేములు మామూలు విషయం, వాటిలో సగానికి పైగా హీరోయిన్ కనిపిస్తుంది. పరిగెడుతూ, అన్నం తింటూ, ఏడుస్తూ, నీళ్ళలో దూకుతూ, పక్కకి తిరిగి ఎవరితోనో గొడవపడుతూ. ప్రతి ఫ్రేములోనూ ఆ ఏడు వరసల ముత్యాలు లెక్క తప్పకుండా వెయ్యాలి, ఆ పొలుసులన్నీ వెయ్యాలి. నా దగ్గరికి వచ్చే పిల్లల కామిక్‌లు చాలావరకు మూడో పేజీ దగ్గరో నాలుగో పేజీ దగ్గరో ఆగిపోతాయి, ఆగిపోయేది టాలెంట్ లేక కాదు, మొదటి రోజు మోజులో పాత్ర మీద మోయలేనంత బరువు పెట్టుకోవడం వల్ల.

కాబట్టి పాపకి నేనిచ్చే మొదటి పని ఇది, మీరు పక్కన కూర్చుని చూడండి. బొమ్మ మొత్తాన్ని నల్లగా నింపెయ్యమనండి, కళ్ళూ నగలూ ఏమీ కనపడకుండా. ఇప్పుడు దాన్ని బొటనవేలి గోరంత చేసి చూడండి. ఎవరో గుర్తుపట్టగలమా? ఇప్పుడున్న బొమ్మలో రెక్కలూ జుట్టూ కలిసిపోయి ఒక పెద్ద ముద్దలా కనిపిస్తాయి, ఈటె ఒక్కటే తెలుస్తుంది. రెక్కలో జుట్టో ఏదో ఒకటి తీసెయ్యాలి. నా ఓటు రెక్కలు తీసెయ్యడానికే, సముద్రంలో మునిగే పిల్లకి రెక్కలెందుకు, ఆ సంగతి కథ చెప్పాలి కదా.

తర్వాత అదే అమ్మాయిని ముందు నుంచి, కొంచెం పక్కకి తిప్పి, పూర్తిగా పక్క నుంచి, వెనక నుంచి, నాలుగు బొమ్మలు ఒకే గీత మీద నిలబెట్టి వెయ్యమనండి. దీన్ని మోడల్ షీట్ అంటారు, స్టూడియోల్లో ఉద్యోగానికి వెళ్తే పోర్ట్‌ఫోలియోలో ముందు వెతికేది ఇలాంటివే. వెనక నుంచి వేసేటప్పుడే అసలు సంగతి బయటపడుతుంది: కవచం వీపు మీద ఎలా ముడిపడుతుంది, జుట్టు కింద మెడ ఎక్కడుంది, ఈటె వాడనప్పుడు ఎక్కడ పెట్టుకుంటుంది? వీటికి జవాబు లేకపోతే ఆ డ్రెస్ ఇంకా కాగితం మీద అలంకారమే. ఇంకో షీట్‌లో ముఖాలు: కోపం, సిగ్గు, అబద్ధం చెప్తున్నప్పుడు, నవ్వు ఆపుకుంటున్నప్పుడు. అన్నిట్లోనూ అదే మనిషిలా కనపడాలి. మూడోది, తడిసినప్పుడు. సముద్రం పిల్ల కదా, సగం కథ తడి బట్టల్తోనే నడుస్తుంది, తడి జుట్టు ముద్దలు కట్టి ముఖానికి అంటుకుంటే ఆ అందం ఎలా ఉంటుందో పాప ఒక్కసారి కూడా వేసి చూసినట్టు లేదు.

రంగు గురించి ఒక్క మాట. పాప హీరోయిన్‌కి నీలం, ఆకుపచ్చ రంగులు వేసింది, వెనకాల సముద్రం కూడా అదే రంగు. ఫ్రేములో కలిసిపోతుంది. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గరికి ఒక సాయంత్రం తీసుకెళ్ళండి, ఆ ఎరుపు, నారింజ, గోధుమ ఎన్ని రకాలుగా మారుతుందో చూసి ఫోటోలు తీసుకోమనండి. ఐదారు రంగులు తేల్చుకుని ప్యాలెట్‌గా దాచుకుంటే ప్రతి ఎపిసోడ్‌లో అవే వాడొచ్చు, సమయం మిగులుతుంది, పాఠకుడికి పాత్ర చటుక్కున దొరుకుతుంది.

ఇంకోటి, ఈ గవ్వల కవచం, ఈ ఈటె, ఈ పెద్ద కళ్ళు పాప ఎక్కడెక్కడో చూసినవాటి నుంచి వచ్చాయి. తప్పేం లేదు, అందరూ అలాగే మొదలుపెడతారు. కానీ మనం విశాఖలో ఉంటున్నాం. తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తే గంపలెత్తే ఆడవాళ్ళు చీర ఎలా ఎగదోపుకుంటారో, తలమీద గుడ్డ ఎలా చుట్టుకుంటారో, భుజం మీద వల ఎలా వేలాడుతుందో చూడొచ్చు. అక్కడ ఒక గంట స్కెచ్ వేస్తే ఇంకెవరి దగ్గరా లేని కాస్ట్యూమ్ వస్తుంది. ఏటికొప్పాక బొమ్మలు ఇంట్లో ఉంటే ఒకటి పాప ముందు పెట్టండి. అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ చెక్కి, లక్క రంగులు పూసి చేస్తారు, గుండ్రటి ఆకారాలు నాలుగైదే ఉంటాయి, అయినా దూరం నుంచి చూసినా రాజెవరో రాణెవరో తెలిసిపోతుంది. తక్కువ గీతల్లో మనిషిని పట్టుకోవడం అక్కడ నేర్చుకోవచ్చు. చందమామ అట్టల మీద బొమ్మలు వేసిన వడ్డాది పాపయ్యగారు చాలాకాలం ఉన్నది మన పక్కన కశింకోటలోనే, ఆయన పౌరాణిక పాత్రల నగల్ని, బట్టల మడతల్ని పాప ఒకసారి శ్రద్ధగా చూస్తే రాజసం ఎలా వస్తుందో తెలుస్తుంది.

ఇక మీ అసలు టెన్షన్, చదువు. ఇంటర్ ఆపకండి, ఇందులో బేరాల్లేవు. డిజైన్ కోర్సులకి ఇంటర్ పాసవ్వాలి, గ్రూప్ ఏదైనా ఫర్వాలేదు. ఐఐటీ బాంబే నిర్వహించే యూసీడ్ అనే డిజైన్ ప్రవేశ పరీక్ష రాస్తే ఐఐటీ హైదరాబాద్‌తో సహా కొన్ని ఐఐటీల్లో బీడెస్, అంటే డిజైన్‌లో డిగ్రీ, చెయ్యొచ్చు, ఆ పరీక్షలో కంప్యూటర్ మీద రాసే భాగంతో పాటు బొమ్మ వేసే భాగం కూడా ఉంటుంది. వరసగా రెండేళ్ళలో రెండుసార్లే రాయనిస్తారు, కాబట్టి తయారవకుండా ఒక ఛాన్స్ పోగొట్టుకోవద్దు. ఎన్‌ఐడీకి (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) డ్యాట్ అని వేరే పరీక్ష, ప్రిలిమ్స్, మెయిన్స్ రెండూ ఉంటాయి. యానిమేషన్ కావాలంటే అహ్మదాబాద్ ఎన్‌ఐడీలో ఉంది, మన ఏపీ ఎన్‌ఐడీలో కమ్యూనికేషన్ డిజైన్ తీసుకోవచ్చు. హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో (ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) యానిమేషన్‌లో బీఎఫ్‌ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, ఉంది, కానీ ఆంధ్ర పిల్లలకి ఎన్ని సీట్లకి అవకాశమో ఆ ఏడాది నోటిఫికేషన్ చదివే దరఖాస్తు చెయ్యండి. దగ్గర్లో ఉండి చదవాలంటే ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది, డ్రాయింగ్ పునాది గట్టిపడుతుంది, డిజిటల్ పని సొంతంగా నేర్చుకోవచ్చు.

డబ్బుల సంగతి దాచకుండా చెప్తాను. మన దగ్గర కామిక్ ఒక్కదాని మీద ఇల్లు గడవడం చాలా కష్టం. ఇదే నైపుణ్యంతో గేమ్ కంపెనీల్లో పాత్రలూ పరిసరాలూ ఎలా ఉండాలో ముందే బొమ్మ వేసి చూపించే కాన్సెప్ట్ ఆర్టిస్టుగా, యానిమేషన్‌లో క్యారెక్టర్ డిజైనర్‌గా, సీన్లని వరసగా బొమ్మల్లో వేసిచ్చే స్టోరీబోర్డ్ ఆర్టిస్టుగా, పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తూ సంపాదించేవాళ్ళున్నారు, కామిక్ పక్కన నడుస్తుంది. ఒక్క అందమైన బొమ్మ కావాలంటే ఇవాళ ఎవరైనా ఏఐతో నిమిషంలో తీసుకుంటారు, అది పాపకి కూడా తెలుసు. అందుకే యాభై ఫ్రేముల్లో అదే అమ్మాయిని అదే మనిషిగా నిలబెట్టి, ఆమె చేత నటింపజేసి, కథ చెప్పడం మీద ఇంతసేపు మాట్లాడాను.

ఇప్పటికి ఖర్చు పెద్దగా వద్దు. బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్ క్రిటా ఉచితం. కంప్యూటర్‌కి తగిలించుకునే స్క్రీన్ లేని పెన్ ట్యాబ్లెట్ నాలుగైదు వేలలో వస్తుంది, ఫోన్ మీద మెడ వంచి వెయ్యడం కంటే నయం. బోర్డు పరీక్షలయ్యేదాకా రోజుకి ఒక గంట, అదీ పదింటిలోపు. పరీక్షలయ్యాక ఎండాకాలం సెలవుల్లో ఒక చిన్న కథ, ఎనిమిది పేజీలు, మొదలూ ముగింపూ ఉండేది పూర్తి చెయ్యమనండి. పూర్తి చేస్తే నేను కూర్చుని పోర్ట్‌ఫోలియో ఎలా పెట్టాలో చెప్తాను. ఎనిమిది పేజీలకే విసుగొస్తే అది కూడా మంచి సమాచారమే, లక్షలు కట్టకముందే తెలిసినట్టు.

ఆన్‌లైన్‌లో పెట్టే ముందు ఒక జాగ్రత్త. లేయర్లున్న అసలు ఫైళ్ళు తేదీలతో దాచుకోమనండి. బొమ్మ వేసినప్పుడే కాపీరైట్ పాపదవుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఎవరైనా పాత్రని కొంటామని వస్తే పద్దెనిమిది నిండకముందు పాప చేత సంతకం పెట్టించకండి, మైనర్ చేసుకున్న ఒప్పందం చెల్లదు. తర్వాతైనా ఎన్నేళ్ళకి, ఏ దేశాల్లో, దేనికి హక్కులిస్తున్నామో కాగితం మీద ఉండాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం గడువు రాయకపోతే 5 ఏళ్ళుగా, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకుగా తీసుకుంటారు.

ఆ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళి, గత రెండేళ్ళలో చదివినవాళ్ళు చేసిన పని చూపించమనండి, ఇద్దరు ముగ్గురు సీనియర్ల నంబర్లు అడిగి మీరే మాట్లాడండి. చేరిన ఉద్యోగం క్యారెక్టర్ డిజైనా, లేక సినిమా షాట్లలో అంచులు కత్తిరించే రోటో పనా అని విడిగా అడగండి, రోటో కూడా గౌరవమైన పనే కానీ మీ పాప కోరుకుంటున్నది అది కాదు. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అన్న మాట జీతంతో సహా రాతపూర్వకంగా ఇమ్మనండి. ఇవన్నీ తేలేదాకా ఈ వారం అడ్వాన్స్ కట్టొద్దు, డిస్కౌంట్ పోతే పోనీండి.