తొలి మ్యాచ్ ఓడినా విజేత ఎలా అయ్యారంటే

2018లో అమెరికాలోని ఒమాహాలో జరిగిన కాలేజీ వరల్డ్ సిరీస్ (అక్కడి కాలేజీ బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్)లో ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ జట్టు తొలి మ్యాచ్‌లోనే నార్త్ కరోలినా చేతిలో ఓడి కూడా విజేత ఎలా అయిందని అడిగారు కదా. మీరు పట్టికను నాకౌట్‌లా చదివారు, చిక్కు అక్కడే వచ్చింది. ఈ టోర్నీలో ఎనిమిది జట్లు నాలుగేసి చొప్పున రెండు విభాగాల్లో ఆడతాయి. రెండుసార్లు ఓడితేనే నిష్క్రమణ. ఫైనల్ మాత్రం వేరు. మూడు మ్యాచ్‌లలో రెండు గెలవాలి, పాత ఓటములు లెక్కలోకి రావు.

ఆ ఏడాది ఫైనల్లోనూ మొదటి మ్యాచ్ ప్రత్యర్థి ఆర్కన్సా గెలిచింది. రెండో మ్యాచ్ చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇంకొక్క అవుట్ దొరికితే టైటిల్ వాళ్లదే అనగా, గాల్లోకి లేచిన ఫౌల్ బంతి (గీత బయటికి వెళ్లినా, పట్టుకుంటే అవుటే) ముగ్గురు ఫీల్డర్ల మధ్య నేలపాలైంది. ఒరెగాన్ స్టేట్ ఆ మ్యాచ్ 5-3తో, చివరిది 5-0తో గెలిచింది. ఆ ఇన్నింగ్స్ వీడియో తప్పకుండా చూడండి; నేను ఇప్పటికీ ఊపిరి బిగబట్టే చూస్తాను.