అడవి మీద దేశానికి వచ్చే రాబడి ఒకటిన్నర శాతమేనా?

"మన దేశ ఆర్థిక వ్యవస్థలో అటవీ సంపద వాటా ఎంత?" అని అడిగారు. సర్కారు లెక్కల్లో 'ఫారెస్ట్రీ అండ్ లాగింగ్' (అంటే అడవులు, కలప కొట్టడం) అని ఒక పద్దు ఉంటుంది, జీడీపీలో అది ఒకటిన్నర శాతం అటూ ఇటూ. 2023 అటవీ సర్వే ప్రకారం దేశంలో 21.76 శాతం నేల అడవే, మరి రాబడి ఇంతేనా అంటే నన్నడిగితే ఆ లెక్కే తప్పు. నేను ఎకనామిక్స్ చదవలా, మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి పక్కన పల్లె, అంతే.

ఉదయగిరి చెక్క గరిటెలు తెలుసు కదా, ఇది ఫలానా ఊరి సరుకే అని సర్కారు ఇచ్చే జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. మా చిన్నాన్న కూతురి పెళ్లికి గిఫ్టులు ఇద్దామని హైదరాబాద్ బావని తీసుకుని ఒక ఇంటికి పోయా. ఒకామె అరుగు మీద కూర్చోని, నర్ది అనే చెట్టు కట్టెతో చేసిన స్పూనుని కాలి బొటనవేలికి ఆనించి ఆకురాయితో రుద్దతా ఉంది, ఒళ్లో అంతా తెల్లటి పొట్టు. నాలుగు రుద్దులు రుద్దేది, ఎండకెత్తి అంచు పల్చబడిందా లేదా చూసేది, మళ్లా రుద్దేది. పిడి చివర జల్లెడలాగా చెక్కి ఉంది. మా బావ అలవాటు కొద్దీ సగానికి అడిగాడు. ఆమె తలెత్తకుండానే "కట్టె మోపు కొండ దిగేలోపు ఎంతమందికి జవాబు చెప్పుకోవాలో తెలుసా అబ్బయ్యా, నువ్వు పోయి తెచ్చియ్యి, ఊరకే చేసిస్తా" అనింది. బావ నోరు మూసుకుని అడిగినంత ఇచ్చాడు. అవే స్పూన్లు సిటీలో ఎగ్జిబిషన్‌లో ఏసీ కింద పెడితే ఎంత చెబుతారో చూడండి, ఆడ మాత్రం ఒక్కడూ బేరమాడడు!

ఇప్పుడు ఆ స్పూను డబ్బులు ఏ పద్దులో పడతాయి? చేసిన పని తయారీ రంగంలో, అమ్మిన షాపు వ్యాపారంలో, మోసిన లారీ రవాణాలో. అడవి పేరు మీద పడేది కట్టె ఖరీదు ఒక్కటే, అది కూడా నెత్తిన మోపు పెట్టుకుని వచ్చిందైతే రాసేదెవరు? నల్లమలలో దోర్నాల వైపు పోతే చెంచులు తేనె, జిగురు, కుంకుళ్లు తెచ్చి జీసీసీకి (సర్కారు వాళ్ల గిరిజన సహకార సంస్థ) అమ్ముతారు, అదొక్కటీ రికార్డులో ఉంటుంది, వాళ్లు తవ్వుకు తిన్న గడ్డలకి బిల్లు ఉండదు కదా. డెయిరీకి పోసిన పాలు రాసి, ఇంట్లో పిలకాయలు తాగిన పాలు వదిలేసినట్టుంది ఈ యవ్వారం.

ఇంక ఎర్రచందనం. ప్రపంచం మొత్తానికి ఈ శేషాచలం, వెలిగొండ, నల్లమల చుట్టుపక్కలే సహజంగా పెరిగే చెట్టు, జపాన్‌లో సంగీత వాయిద్యాలకీ చైనాలో ఫర్నిచర్‌కీ వాడతారు. స్మగ్లర్ల దగ్గర దొరికిన దుంగల్ని 2014లో ఆన్‌లైన్‌లో వేలం వేశారు, అది లెక్కలో ఉంది. రాత్రిపూట దాటిపోయిన దుంగలు ఏ జీడీపీలో ఉంటాయబ్బా? 2006 అటవీ హక్కుల చట్టం చిన్న ఫలసాయం (తేనె, జిగురు లాంటివి) మీద హక్కు అడవిలో బతికేవాళ్లదే అనింది, కాయితం మీద బానే ఉంది.

ఇంకో మంట, పెళ్లిళ్లలో విస్తరాకు పోయి ప్లాస్టిక్ పూత ప్లేట్లు వచ్చాయి. ఆకు కుట్టే ముసలమ్మ రాబడి పోయింది, ప్లేట్ల ఫ్యాక్టరీది పెరిగింది, లెక్క ప్రకారం దేశం ఎదిగిందంట.

సరే, ఉదయగిరి వస్తే గరిటెలు చేసేవాళ్ల ఇంటికాడే కొనుక్కోండి. సబ్బు నీళ్లలో మాత్రం నానబెట్టబాకండి, చీలిపోతాయి.