ఆర్బిట్రేషన్ క్లాజుకు ‘ఐ అగ్రీ’ నొక్కాక కన్స్యూమర్ కేసు వేయొచ్చా?

వేయొచ్చు. గొడవలన్నీ కంపెనీ పెట్టే ఆర్బిట్రేటరే, అంటే కోర్టు బయట తీర్పు చెప్పే మధ్యవర్తే తేల్చాలి, పదిమంది కలిసి కేసు వేయకూడదు అని ఒప్పందంలో ఉంది, ఇక దారి లేదా అని అడిగారు కదా. బెంగళూరులో మాకు అచ్చం ఇదే ఎదురైంది, జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

మారతహళ్లిలో మా వీధి చివర జిమ్‌లో ఏడాదికి 16,500 కట్టాను. నాలుగో నెలలో ఒక సోమవారం పొద్దున ఆరింటికి వెళ్తే షట్టర్ సగం దించి ఉంది, ఇద్దరు కుర్రాళ్లు ట్రెడ్‌మిల్‌కి తాడు కట్టి టాటా ఏస్‌లోకి ఎక్కిస్తున్నారు. మీ మెంబర్‌షిప్ ఎలక్ట్రానిక్ సిటీ బ్రాంచికి మార్చాం అని షట్టర్ మీద ఒక కాగితం. ఆ ట్రాఫిక్‌లో రోజూ అంత దూరం ఎవరు వెళ్తారండీ? డబ్బు వెనక్కిమ్మంటే కస్టమర్ కేర్ వాళ్లది ఒకటే జవాబు, క్లాజ్ 17 చూడండి అని. చూశాను. ఆర్బిట్రేటర్‌ని వాళ్లే పెడతారట, విచారణ గురుగ్రామ్‌లోనట, ఎవరికి వారే రావాలట. 16,500 కోసం గురుగ్రామ్‌కి ఎవరూ ఫ్లైట్ ఎక్కరని తెలిసే అలా రాసుకుంటారు. నాకు అన్నిటికన్నా ఒళ్లు మండింది అక్కడే.

డాలస్‌లో ఉండే మా బావ వదిలెయ్యమన్నాడు. అక్కడి సంగతి వేరు. ఫ్రీ ఫోన్ అని చెప్పి 30.22 డాలర్లు ట్యాక్స్ వసూలు చేశారన్న కాన్సెప్షన్ కేసులో, 2011లో అమెరికా సుప్రీంకోర్టు ఇలాంటి క్లాజ్ చెల్లుతుందని తేల్చేసింది. మన దగ్గర అలా కాదు. నాసిరకం విత్తనాలతో నష్టపోయిన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు కేసు వేస్తే, జాతీయ విత్తన సంస్థ ఆర్బిట్రేషన్ క్లాజ్ చూపించి అడ్డుపడబోయింది, 2012లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. 2018లో ఎమార్ ఎంజీఎఫ్ అనే బిల్డర్ కంపెనీ కేసులోనూ అదే మాట. 2019 వినియోగదారుల చట్టం సెక్షన్ 100 ప్రకారం కన్స్యూమర్ కేసు వేసే హక్కు మిగతా చట్టాలు ఇచ్చే దారులకు అదనం, ఆర్బిట్రేషన్ ఉందని అది పోదు. అయితే ఎంచుకునేది మనమే కాబట్టి, ఆర్బిట్రేషన్‌కి రమ్మని వాళ్లు కాగితం పంపితే సరేనని సంతకం పెట్టేయకండి, ఒకసారి ఆ దారి పట్టాక మళ్లీ వినియోగదారుల కమిషన్‌కి (కన్స్యూమర్ కోర్టుకి) రావడం చాలా కష్టమవుతుంది.

ఇక పదిమంది సంగతి. నష్టపోయిన అందరి తరఫునా వేయాలంటే సెక్షన్ 35(1)(సి) కింద కమిషన్ అనుమతి కావాలి. కొద్దిమంది ఎవరి తరఫున వాళ్లు ఒకే ఫిర్యాదులో కలవడానికి ఆ గొడవ లేదు, బెంగళూరు అపార్ట్‌మెంట్ కొన్నవాళ్ల కేసులోనే 2021లో సుప్రీంకోర్టు ఈ తేడా విడదీసి చెప్పింది. మేం తొమ్మిదిమంది అలాగే వేశాం. కట్టింది మొత్తం కలిపినా 5 లక్షల లోపే కాబట్టి ఫీజు సున్నా. మనం ఉండే ఊళ్లోనే వేయొచ్చు కనుక గురుగ్రామ్ మాటే రాలేదు. సమస్య మొదలైన రెండేళ్లలోపు మాత్రం వేసేయాలి.

మూడో వాయిదాకి వాళ్ల లాయరు వచ్చి అదే క్లాజ్ 17 చదివారు. కమిషన్ ఆ అర్జీ కొట్టేసింది. ఆ తర్వాత కంపెనీయే రాజీకి వచ్చి మిగిలిన నెలల డబ్బు ఇచ్చింది, నాకు 11,000 వచ్చింది. పద్నాలుగు నెలలు పట్టింది, వాయిదాల టెన్షన్ పడలేక మధ్యలో ముగ్గురు తప్పుకున్నారు, వాళ్లని తప్పు పట్టను.

మీరు ఈ రాత్రికే చేయాల్సింది ఒకటుంది. ఒప్పందం, రసీదు రెండూ డౌన్‌లోడ్ చేసి మీ మెయిల్‌కి పంపుకోండి. మా బ్రాంచి మూసిన వారానికే యాప్‌లో మా లాగిన్లు తీసేశారు. మాలో ఒకావిడ చేరిన రోజే పీడీఎఫ్ దాచుకున్నారు, మేం కమిషన్ ముందు పెట్టింది ఆ కాపీనే.