ఖాళీగా ఉందని 3వ ఛానెల్‌కి మారితే...

ప్రశ్న: మాది 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఫోన్‌లో వైఫై స్కానర్ యాప్ పెట్టి చూస్తే అందరి రౌటర్లూ 1, 6, 11 ఛానెళ్ల మీదే ఉన్నాయి. 3 ఖాళీగా కనిపిస్తే దానికి మారాను. అయినా రాత్రి తొమ్మిదయితే నెట్ నత్తనడకే. ఇది గేమ్ థియరీ సమస్య అంటున్నాడు ఇంజినీరింగ్ చదివే మా అబ్బాయి. నిజమేనా? మన రౌటర్ ఎవరి కోసమూ ఆగకుండా సెట్ చేసుకోవచ్చా?

జవాబు: ముందు 3 సంగతి. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో పక్కపక్క ఛానెళ్ల మధ్య దూరం 5 మెగాహెర్ట్జే. ఒక్కో సిగ్నల్ వెడల్పు మాత్రం దాదాపు 20. అంటే 3లో కూర్చుని అటు 1 మీదికి, ఇటు 6 మీదికి కాళ్లు చాపారన్నమాట. ఒకే ఛానెల్‌లో ఉన్న రౌటర్లు ఒకదాని మాట ఒకటి విని ఆగుతాయి. పక్క ఛానెల్ నుంచి వచ్చేది మాటలా కాదు, రొదలా వినిపిస్తుంది.

మీ అబ్బాయి మాట నిజమే. మన ఎత్తు ఫలితం ఎదుటివాళ్ల ఎత్తు మీద కూడా ఆధారపడే చోట ఏం జరుగుతుందో లెక్కగట్టేదే గేమ్ థియరీ. ఛానెల్‌లో ఎవరూ పంపకుండా గాలి ఖాళీ అయ్యాక ప్రతి పరికరం మామూలుగా 0 నుంచి 15 లోపు ఒక అంకె తీసుకుని, 9 మైక్రోసెకన్లకొకటి చొప్పున సున్నా దాకా లెక్కపెట్టి అప్పుడు పంపుతుంది. రెండు పరికరాలు ఒకేసారి పంపి ఢీకొంటే ఈసారి 31 లోపు, తర్వాత 63 లోపు, అలా 1023 దాకా. ఇద్దరే ఉంటే ఇద్దరికీ ఒకే అంకె పడే అవకాశం పదహారింట ఒకటి. మీరొక్కరే 0, 1లతో సరిపెట్టుకుంటే లాభమే. ఎదుటివాడూ అదే పని చేస్తే? సగానికి సగం సార్లు ఢీ.

రైల్వే గేటు దగ్గర చూస్తుంటాం కదా, రెండు వైపులా రోడ్డంతా నిండిపోయి, గేటెత్తాక ఎవరూ కదలరు. తానొక్కడే వెనక్కి తగ్గితే నష్టపోయేది తానే కాబట్టి ఎవరూ తగ్గరు. గణిత శాస్త్రవేత్త జాన్ నాష్ 1950లో చెప్పిన సమతౌల్యం ఇదే; మన భాషలో ఎవరికి వారే యమునా తీరే. ఇళ్లలో వాడే రౌటర్ల మెనూలో ఇలా అంకెలు తగ్గించుకునే సెట్టింగ్ సాధారణంగా కనపడకపోవడం మన అదృష్టం. కాల్స్‌లోని మాటలకు మాత్రం 0–3తో మొదలుపెట్టే వెసులుబాటు వైఫై ప్రమాణంలోనే ఉంది. అది కొద్దిపాటి ట్రాఫిక్ కాబట్టి చెల్లుతోంది.

ఇక మీరు చేయాల్సింది: 1, 6, 11లలో పక్కింటి సిగ్నల్ బలహీనంగా ఉన్నది ఎంచుకుని, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టండి. టీవీకి కేబుల్ లాగండి, ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి. అది గోడలు అంతగా దాటదు. పక్కింటి వాళ్లదీ మీ ఇంట్లోకి అంతగా రాదు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ కూడా పెట్టండి. పై ఫ్లాట్, కింది ఫ్లాట్ వేర్వేరు ఛానెళ్లు పంచుకోవడానికి పది నిమిషాలు చాలు, పార్కింగ్ గొడవలా సాగదు.