రెండో తరగతి బిడ్డ పక్కన కూర్చునే ముందు

తల్లీ,

మీ వీధి బడిలో రెండో తరగతి బిడ్డ ఒకడికి రోజూ అరగంట చదవడం నేర్పిస్తానని ఒప్పుకున్నావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషమేసింది. నా ఉద్యోగమంతా ఒకటి, రెండు తరగతుల బిడ్డలతోనే గడిచింది కాబట్టి నాలుగు మాటలు చెప్తాను.

మొదటి రోజే పాఠ్యపుస్తకం తెరవొద్దు. వాడు ఎక్కడున్నాడో ముందు నీకు తెలియాలి. కొన్ని అక్షరాలు, చిన్న చిన్న పదాలు, నాలుగు వాక్యాల పేరా, ఒక చిన్న కథ కాగితం మీద పెద్దగా రాసుకుని పో. బిడ్డలకు చదవడం ఎంతవరకు వచ్చో చూసే అసర్ సర్వేవాళ్లు ఊరూరా తిరిగి బిడ్డల చేత చదివించేదీ ఇలాగే. పేరాతో మొదలుపెట్టు, వస్తే కథకు పో, రాకపోతే పదాలకు, అవీ రాకపోతే అక్షరాలకు దిగు. ఎక్కడ ఆగితే అక్కడి నుంచే నీ పని, తరగతిలో ఏ పాఠం జరుగుతోందన్నది నీకు అనవసరం.

అక్షరాలన్నీ గడగడా అప్పజెప్పాడని చదువు వచ్చేసిందనుకోవద్దు. వరస తప్పించి అడిగితే తెల్లమొహం వేస్తారు. గుణింతమూ అంతే, 'కీ' ఏదో చూపించమంటే 'క' దగ్గర్నుంచి మళ్లీ రాగం తీసుకుంటూ వస్తారు. చాలామంది తడబడేది 'మ' దగ్గర, 'వు' దగ్గర. 'ఆవు' అని ఉంటే 'ఆమ' అంటాడు చూడు. తప్పు అని అరవొద్దు, పక్కనున్న బొమ్మ చూపించి "ఇది ఆమనా?" అని అడుగు, వాడే నవ్వి దిద్దుకుంటాడు. తర్వాత ఆ రెండూ పక్కపక్కన పెద్దగా రాసి వేలితో దిద్దించు. వత్తులు నిదానంగా. త, న, మ, య, ర, ల వత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు, వాటికి రోజులు పడతాయి, టెన్షన్ పడొద్దు.

అన్నిటికన్నా కష్టం నీ నోరు కట్టేసుకోవడం. వాడు ఒక పదం దగ్గర ఆగగానే మనకు నాలుక దురద పెడుతుంది, అందించేస్తాం. అలా అందిస్తూ పోతే వాడు పేజీ వదిలేసి నీ మొహం చూడటం మొదలుపెడతాడు, ఆ అలవాటు మాన్పించడం చాలా కష్టం. మనసులో అయిదు లెక్కపెట్టు. అప్పటికీ రాకపోతే మొదటి అక్షరం మీద వేలు పెట్టించు, చాలాసార్లు అక్కణ్నుంచి వాడే లాగేస్తాడు. మరీ పెద్ద పదమైతే మాత్రం చెప్పేసి ముందుకు పో, అక్కడే కూర్చుంటే కథ తెగిపోతుంది.

చిన్న తరగతుల బిడ్డలకు చదవడం, లెక్కలు రావాలని కేంద్ర ప్రభుత్వం పెట్టిన నిపుణ్ భారత్ ప్రకారం రెండో తరగతి బిడ్డ నిమిషానికి 45 నుంచి 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలి. ఆ అంకె చూసి ఫోన్లో టైమర్ పెట్టుకుని కూర్చోవద్దమ్మా, బిడ్డ బెదిరిపోతాడు. అర్థం చేసుకుంటూ అన్నారే, అది చూడు. పేజీ అయ్యాక "ఇప్పుడేమవుతుంది?" అని అడుగు. మన చిత్తూరు, నగరి వైపు ఇంట్లో తమిళం మాట్లాడే బిడ్డలు చాలామంది, అలాంటివాడైతే జవాబు తమిళంలో చెప్పినా సరే అను.

వాళ్లమ్మకు చదువు రాకపోయినా ఒక పని చెప్పు. బస్టాండుకు పోయినప్పుడు బస్సుల బోర్డులు వాడిచేత చదివించమను. తిరుపతి, తిరుమల, పీలేరు, కాణిపాకం, వీటిలో వత్తుల్లేవు, ముందు అవి. తర్వాత చిత్తూరు, చంద్రగిరి. శ్రీకాళహస్తి చదివేశాడంటే ఆ రోజు వాడిని పట్టలేరు!

కథలకు డబ్బు ఖర్చు పెట్టొద్దు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితం, మొదటి స్థాయివి తీసుకో, పేజీకి ఒకటి రెండు వాక్యాలే ఉంటాయి. రెండు మూడు చూపించి వాడినే ఎంచుకోమను. నిన్నటి కథే మళ్లీ కావాలంటే అదే చదివించు. నువ్వు పోలేని రోజు మాత్రం ముందే టీచరమ్మకు ఫోన్ చేసి చెప్పు.

మీ పెద్దమ్మ