తుపాకి రాముడి కోతలు

అమ్మాయీ,

నీ కథనే నువ్వొక్కదానివీ స్టేజి మీద ఆడతానని పంపిన నవ్వుల నాటకం స్క్రిప్టు రాత్రి పైకి చదువుకుని చూశాను. గంటా పది నిమిషాలు పట్టింది. నాకు నవ్వొచ్చింది మాత్రం ఒక్కచోటే. ఎంసెట్‌లో నీకొచ్చిన 42,000 ర్యాంకుని మీ నాన్నగారు ఫోన్లో చెబుతూ ఒక సున్నా మింగేసి 4,200 చేశారే, అక్కడ. దాన్ని ఒక్క వాక్యంలో దాటేసి, 'నాన్న నన్నెప్పుడూ అర్థం చేసుకోలేదు' అంటూ పేజీన్నర రాశావు. ఆ పేజీన్నర కొట్టెయ్. ఫోను ఉంచు.

మా చిన్నప్పుడు ఊళ్ళోకి తుపాకి రాముడు వచ్చేవాడు. పిట్టల దొర అని కూడా అంటారు. ఖాకీ బట్టలు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి. తనకున్న ఆస్తుల గురించీ, కొట్టిన పులుల గురించీ కోతలే కోతలు. మోచేతి దగ్గర చొక్కా చిరిగి ఉండేది. పేదవాణ్ణని నోటితో ఒక్కసారీ అనలేదు. అనుంటే దోసెడు బియ్యం వేసి పంపేసేవాళ్ళం, అంత నవ్వేవాళ్ళం కాదు. నువ్వేమో చిరుగు చూపిస్తున్నావు. చిరుగు సంగతి మేం చూసుకుంటాం, నువ్వు కోతలు కొయ్యి. స్టేజి మీదున్న ఆ పదిహేడేళ్ళ పిల్లకి ఇవాళ నీకు తెలిసినవేవీ తెలియవు. నాన్న చెప్పిన 4,200 తనూ నమ్మేసి, ఏ కాలేజీలో సీటొస్తుందో లెక్కలేసుకుని, పెట్టె కూడా సర్దుకుంటుంది. అలా ఆడు.

ఇది నాకు ఊరికే తెలియలేదులే. నా మొదటి ప్రదర్శనలో అమ్మ పోయిన సంగతి చెబుతుంటే నిజంగానే గొంతు పూడుకుపోయింది. ముందు వరసలోంచి ఓ పెద్దాయన లేచొచ్చి మంచినీళ్ళ సీసా అందించాడు. మంచి మనిషి. కానీ ఆ తర్వాత ఇరవై నిమిషాలు నేనేం చెప్పినా ఎవరూ నవ్వలేదు. మళ్ళీ ఎక్కడ ఏడుస్తానో అని బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. అమ్మ పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఆ ముక్క తీసేసి, నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ పెట్టుకున్నాను. మీ అక్క విడాకుల సీనూ అంత పచ్చిగానే ఉంది. పైగా అది నీ కథ కాదు, ఆవిడది. చదివి వినిపించావా? వద్దంటే తీసెయ్, వాదించకు.

ఇక ఆడటం. ఏకపాత్రాభినయం పోటీల్లో మనకి అంటుకున్న జబ్బొకటుంది. పాత్రకో గొంతు పెట్టి, స్టేజి ఈ చివర నుంచి ఆ చివరికి పరిగెత్తడం. వీలైతే మంచి హరికథ ఒకటి చూడు. దాసుగారు తల కాస్త తిప్పి చూపు మారిస్తే చాలు, మాట్లాడేది ఎవరో తెలిసిపోతుంది. జనం కునుకుతున్నారనిపిస్తే పిట్టకథ ఎత్తుకుంటారు, అదీ తిరిగొచ్చి అసలు కథలోనే పడుతుంది. మీ నాన్నగారు నీకంటే పొడుగు కదా, నువ్వుగా ఉన్నప్పుడు పైకి చూడు, ఆయనైనప్పుడు కిందికి. గొంతు జోలికి వెళ్ళకు. నవ్వు లేచినప్పుడు దాని మీద మాట వెయ్యకు, సగం దిగాక అందుకో. ఇది అద్దం ముందు రాదు, నలుగురి ముందే వస్తుంది.

ముందు ఎనిమిది నిమిషాలు చాలు, ఆ ఫోను సీనొక్కటే. ఆదివారం ముగ్గురు స్నేహితుల్ని కూర్చోబెట్టి ఆడి, రికార్డు చేసి పంపు. వాళ్ళు సెల్లు చూసుకున్న చోటల్లా గుర్తుపెట్టుకో.

అన్నట్టు, ఆ ఫోను చేసింది మీ పెదనాన్నగారికి కదా. మాట్లాడేముందు మీ నాన్నగారు ఎగ్గట్టిన లుంగీ దించుకున్నారా? రాయలేదు.